ఖాళీ అయిన స్థానము - ఉప ఎన్నిక
పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన విషయములు

కృష్ణా డెల్టాలో కాలువ చివర సేద్యము చేయు రైతులకు ఒక సంగతి అనుభవపూర్వకముగా తెలియును. ఎగువన నీరెంత ఉన్నను, లాకు వద్ద తలుపు లేపు మనిషి లేనినాడు ఆ నీరు చివరి చేనికి చేరదు. శాసనసభలో మన నియోజకవర్గపు స్థానము ఖాళీగా ఉండుట అట్టిదే. ప్రభుత్వము నడచుచునే ఉండును. సభ సమావేశమగుచునే ఉండును. బడ్జెటు ఆమోదింపబడును, చట్టములు చేయబడును. కాని మన మురుగు కాలువను గూర్చి, మన సముద్రపు కరకట్టను గూర్చి ప్రశ్న వేయుటకు మన తరపు మనిషి అక్కడ ఉండడు.

ఇట్టి లోటు దీర్ఘకాలము ఉండరాదను ఉద్దేశముతోనే రాజ్యాంగమును, ఎన్నికల చట్టమును ఉప ఎన్నికకు ఏర్పాటు చేసినవి. అయిదేండ్ల గడువు ముగియకమునుపే ఒక స్థానము ఖాళీ అయినచో, ఆ ఒక్క స్థానమునకే జరుపు ఎన్నిక ఉప ఎన్నిక. అందు గెలిచిన సభ్యునికి క్రొత్తగా అయిదేండ్లు లభింపవు. సభకు మిగిలియున్న కాలమే ఆయనకును దక్కును.

గ్రామములో ఎన్నికలను గూర్చి సందేహము కలిగినప్పుడు జనులు మొదట అడుగునది పంచాయతీ సభ్యుని. కావున ఈ విషయములను సభ్యులు బాగుగా ఎరిగి ఉండుట అవసరము.

స్థానము ఎట్లు ఖాళీ అగును?

సభ్యుడు మరణించుట ఒక కారణము. రాజీనామా రెండవది. శాసనసభ్యుడు తన రాజీనామాను స్వహస్తముతో వ్రాసి స్పీకరుకు సమర్పింపవలెను. పంపిన మాత్రమున స్థానము ఖాళీ కాదు. అది ఒత్తిడి లేకుండ, స్వేచ్ఛగా ఇచ్చినదేనని స్పీకరు తృప్తి చెంది ఆమోదింపవలెను. 1974లో జరిగిన రాజ్యాంగ సవరణ ఈ నియమమును చేర్చినది.

ఒకే సభకు రెండు స్థానముల నుండి ఎన్నికైన వ్యక్తి ఒకదానిని విడువవలెను. ఇది మూడవ కారణము. సభ అనుమతి లేకుండ అరువది దినములు సమావేశములకు రాని సభ్యుని స్థానమును ఖాళీగా ప్రకటించు అధికారము సభకు కలదు. ఇది నాల్గవది. అనర్హత అయిదవది. పార్టీ ఫిరాయింపునకు 1985లో చేర్చిన రాజ్యాంగపు పదవ షెడ్యూలు క్రింద అనర్హత కలుగును. నేరము ఋజువై రెండేండ్లు లేక అంతకు మించిన శిక్ష పడినను అనర్హత కలుగును. అప్పీలు సాకుతో అట్టివారు సభ్యత్వమును నిలుపుకొను అవకాశమును సుప్రీంకోర్టు 2013 జూలై 10న ఇచ్చిన తీర్పుతో తొలగించినది. ఇవి కాక, ఒక ఎన్నిక చెల్లదని హైకోర్టు తీర్పు చెప్పినను స్థానము ఖాళీ కావచ్చును.

2012 జూన్ 12న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 18 శాసనసభ స్థానములకును, నెల్లూరు లోక్‌సభ స్థానమునకును ఒకే దినమున ఉప ఎన్నికలు జరిగెను. ఆ శాసనసభ స్థానములలో అధిక భాగము పార్టీ విప్‌ను ధిక్కరించినందుకు అనర్హత పొందిన సభ్యులవి. ఉప ఎన్నిక యనగా ఒక సభ్యుని మరణముతో మాత్రమే వచ్చునది కాదని దీనివలన తెలియును.

మన ప్రాంతపు దృష్టాంతములు

గుడివాడ ఓటర్లకు ఉప ఎన్నిక క్రొత్త కాదు. 1985 సాధారణ ఎన్నికలలో నందమూరి తారక రామారావుగారు కోస్తాలో గుడివాడ, రాయలసీమలో హిందూపురము, తెలంగాణములో నల్లగొండ స్థానముల నుండి పోటీచేసి మూడింటను గెలిచిరి. ఆయన హిందూపురమును ఉంచుకొని తక్కిన రెంటిని విడిచిరి. గుడివాడలో అదే సంవత్సరము మరల ఎన్నిక జరిగి రావి శోభనాద్రి చౌదరిగారు సభ్యులైరి. ఆ కాలమున ఒక వ్యక్తి ఎన్ని స్థానములకైనను పోటీ చేయవచ్చును. 1996లో చట్టమును సవరించి ఆ సంఖ్యను రెండుకు పరిమితము చేసిరి. రెంట గెలిచినవారు గడువులోపల ఒకదానికి రాజీనామా ఈయనిచో రెండు స్థానములును పోవును.

1999 ఎన్నికలలో గుడివాడ నుండి గెలిచిన రావి హరిగోపాల్‌గారు మరణింపగా, 2000 సంవత్సరములో ఉప ఎన్నిక జరిగి రావి వెంకటేశ్వరరావుగారు ఎన్నికైరి. ఈ విధముగా గుడివాడలో ఒక ఉప ఎన్నిక రెండు స్థానముల నియమము వలనను, మరియొకటి మరణము వలనను వచ్చినవి.

దివిసీమ దృష్టాంతము ఇంకను వివరముగా గ్రహింపదగినది. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు, మోపిదేవి, చల్లపల్లి, ఘంటసాల మండలములు అవనిగడ్డ నియోజకవర్గమునకు చెందినవి. 2009లో అక్కడ అంబటి బ్రాహ్మణయ్యగారు గెలిచిరి. ఆయన అంతకుముందు 1999 నుండి 2004 వరకు మచిలీపట్నము లోక్‌సభ సభ్యులుగా ఉండిరి. 2009లో ఆయన ఆధిక్యము 500 ఓట్లకు లోపే. నియోజకవర్గమంతటిలోను ఒక చిన్న గ్రామపు ఓట్లు ఇటువి అటైనచో ఫలితము మారెడిదన్నమాట. 2013 ఏప్రిల్‌లో ఆయన మరణించిరి. 2013 ఆగస్టు 21న ఉప ఎన్నిక జరిగెను. ఆయన కుమారుడు అంబటి శ్రీహరి ప్రసాద్‌గారు 60 వేలకు మించిన ఆధిక్యముతో గెలిచిరి. ఇతర ప్రధాన పక్షములు అభ్యర్థులను నిలుపలేదు. అయినను స్వతంత్ర అభ్యర్థులు రంగమున నిలిచినందున పోలింగు అవసరమైనది.

ఆరు నెలలు, ఒక సంవత్సరము

ఖాళీ అయిన నాటి నుండి ఆరు నెలలలోపల ఉప ఎన్నిక జరుపవలెనని ప్రజా ప్రాతినిధ్య చట్టమునకు 1996లో చేర్చిన నిబంధన చెప్పుచున్నది. దీనికి రెండు మినహాయింపులు కలవు. ఖాళీ ఏర్పడునాటికి ఆ సభ్యునికి మిగిలిన కాలము ఒక సంవత్సరము కంటె తక్కువైనచో ఉప ఎన్నిక జరుపనక్కరలేదు. ఆరు నెలలలో జరుపుట కష్టమని ఎన్నికల కమిషను కేంద్ర ప్రభుత్వముతో సంప్రదించి ధ్రువపరచినచో గడువు దాటవచ్చును.

అవనిగడ్డకు ఈ లెక్కను అన్వయించి చూడుడు. 2009లో ఏర్పడిన శాసనసభ గడువు 2014 జూన్ ఆరంభము వరకు కలదు. 2013 ఏప్రిల్ నాటికి మిగిలిన కాలము సుమారు పదమూడు నెలలు. సంవత్సరము కంటె ఎక్కువ కావున ఎన్నిక తప్పనిసరి. అదే ఖాళీ 2013 జూలైలో ఏర్పడియున్నచో దివిసీమ ప్రజలు తదుపరి సాధారణ ఎన్నికల వరకు సభ్యుడు లేకయే ఉండవలసి వచ్చెడిది.

ఇది ఊహ మాత్రమే కాదు. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన అయిదుగురు లోక్‌సభ సభ్యులు రాజీనామా చేసిరి. అవి జూన్ మాసములో ఆమోదింపబడెను. ఆ లోక్‌సభ గడువు 2019 జూన్ 3 వరకే కలదు. మిగిలిన కాలము సంవత్సరమునకు కొలది దినములు తక్కువైనందున ఆ అయిదు స్థానములకు ఉప ఎన్నికలు జరుగలేదు. రాజీనామా ఇచ్చిన తేదీ కాక, స్థానము ఖాళీ అయిన తేదీయే లెక్కకు వచ్చునని దీనివలన గ్రహింపవలెను.

రెండవ మినహాయింపునకు కడప జిల్లా బద్వేలు దృష్టాంతము. 2021 మార్చిలో అక్కడి సభ్యులు మరణించిరి. కరోనా వ్యాప్తి కారణమున కమిషను ఉప ఎన్నికలను వాయిదా వేయగా, పోలింగు 2021 అక్టోబరు 30న జరిగెను. ఆరు నెలల గడువు దాటినను చట్టము అందుకు దారి ఇచ్చినది.

కొలది నెలల సభ్యుని వలన ప్రయోజనమేమి?

గ్రామములలో తరచుగా వినవచ్చు ప్రశ్న ఇది. "ఏడాదికి కూడ నిండని పదవికి ఇంత ఖర్చు, ఇంత శ్రమ ఎందుకు?" అని అడుగుదురు. దీనికి అవనిగడ్డయే సమాధానము చెప్పుచున్నది.

2013 ఆగస్టులో ఎన్నికైన సభ్యునికి ఆ సభలో మిగిలిన కాలము సంవత్సరములోపే. కాని ఆ కొలది నెలలలోనే, 2013 డిసెంబరు నుండి 2014 జనవరి 30 వరకు, రాష్ట్ర పునర్విభజన బిల్లు శాసనసభ ముందుకు వచ్చి చర్చింపబడెను. తెలుగువారి రాష్ట్రముల సరిహద్దులను, రాజధానిని, నదీజలములను స్పృశించిన బిల్లు అది. కృష్ణా నది సముద్రమును చేరు చోట, నీటి పంపకములో చిట్టచివర ఉన్న దివిసీమ వంటి ప్రాంతమునకు ఆ చర్చాకాలమున సభలో స్థానము ఖాళీగా ఉండుట ఎంతటి లోటగునో పాఠకులే ఆలోచింపవచ్చును. పదవీకాలము నెలలలో కొలువబడినను, ఆ నెలలలో ఏమి జరుగునో ముందుగా ఎవరును చెప్పలేరు.

1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూచిన ప్రాంతము దివిసీమ. ఇట్టి ప్రాంతమునకు తుఫాను కాలమున ప్రతినిధి లేకుండుట చిన్న విషయము కాదు.

పోటీకి నిలువకుండుట: రెండు వైపుల వాదము

సభ్యుడు మరణించినప్పుడు ఆయన కుటుంబమునుండి ఒకరు నిలిచినచో, ఇతర పక్షములు పోటీ నుండి తప్పుకొనుట తెలుగుదేశమున కొంతకాలముగా ఒక సంప్రదాయముగా కనబడుచున్నది. 2013లో అవనిగడ్డలో ఇదియే జరిగెను. 2022 జూన్‌లో నెల్లూరు జిల్లా ఆత్మకూరు ఉప ఎన్నికలో నాటి ప్రధాన ప్రతిపక్షము అభ్యర్థిని నిలుపలేదు. అయితే ఈ సంప్రదాయము అన్ని చోట్ల పాటింపబడలేదు. సభ్యుని మరణము వలననే వచ్చిన 2017 నంద్యాల ఉప ఎన్నికలో ప్రధాన పక్షములు రెండును తీవ్రముగా పోటీపడినవి.

ఇందులో రెండు వాదములు కలవు. దుఃఖములో ఉన్న కుటుంబమును గౌరవించుట మన సంస్కృతి యనియు, వృథా వ్యయము, వైషమ్యములు తగ్గుననియు ఒకరందురు. స్థానము కుటుంబమునకు చెందినది కాదు, ఓటర్లకు చెందినది. ఎంచుకొనుటకు మనుష్యులు లేనప్పుడు ఓటునకు విలువ ఏమని మరియొకరందురు. 2009లో 500 ఓట్ల లోపు ఆధిక్యముతో తేలిన నియోజకవర్గములో 2013లో 60 వేల ఆధిక్యము వచ్చినదనగా, నాలుగేండ్లలో అందరి అభిప్రాయములును మారెనని చెప్పజాలము. వేరు అభిప్రాయము గలవారికి తమ పక్షపు అభ్యర్థి కనబడకపోయెననియు అర్థము చేసికొనవచ్చును. పైగా, అభ్యర్థులలో ఎవరును నచ్చలేదని తెలుపు నోటా మీట ఆనాటికి యంత్రముపై లేదు. సుప్రీంకోర్టు తీర్పు 2013 సెప్టెంబరు 27న వచ్చిన తరువాతనే అది ప్రవేశపెట్టబడెను.

పంచాయతీలలో ఏకగ్రీవముల విషయమున మనకు ఎదురగు ప్రశ్నయే ఇది. అందరు కూర్చుండి, మనస్ఫూర్తిగా ఒప్పుకొని ఎన్నుకొన్న ఏకగ్రీవము ఊరికి బలము. ఎదుటివాని నోరు మూయించి సాధించిన ఏకగ్రీవము ఊరికి చేటు. పైకి రెండును ఒకటిగానే కనబడును. తేడా తెలిసినవారు ఊరివారే.

ఎన్నిక ఎట్లు జరుగును?

పంచాయతీ ఎన్నికలను రాష్ట్ర ఎన్నికల సంఘము జరుపును. శాసనసభ, లోక్‌సభ ఎన్నికలను, వాటి ఉప ఎన్నికలను భారత ఎన్నికల కమిషను జరుపును. పంచాయతీకి ఇరువది యొక్క సంవత్సరములు నిండినవారు పోటీ చేయవచ్చును. శాసనసభకు ఇరువది అయిదు నిండవలెను. గ్రామ పంచాయతీ ఎన్నిక పార్టీల గుర్తులు లేకుండ జరుగును. ఉప ఎన్నికలో పార్టీల గుర్తులుండును.

నోటిఫికేషను వెలువడిన తరువాత ఏడవ దినము నామినేషన్లకు చివరి దినము. మరుసటి దినము పరిశీలన. పరిశీలన తరువాత రెండవ దినము ఉపసంహరణకు గడువు. అటుపైన పదునాలుగు దినములైనను గడువక పోలింగు జరుపరాదు. అనగా నోటిఫికేషను నుండి పోలింగు వరకు కనీసము ఇరువది నాలుగు దినములు పట్టును. మధ్యలో సెలవుదినము వచ్చినచో గడువు మరుసటి దినమునకు జరుగును.

అభ్యర్థి ధరావతు 10,000 రూపాయలు. షెడ్యూల్డు కులములు, తెగలవారికి అందు సగము. చెల్లిన ఓట్లలో ఆరవ వంతునకు మించి రానిచో ధరావతు పోవును. ఉపసంహరణ గడువు తరువాత ఒక్క అభ్యర్థియే మిగిలినచో పోలింగు లేకయే ఆయన ఎన్నికైనట్లు ప్రకటింతురు.

కృష్ణా జిల్లాలో ఈ ఏర్పాట్లన్నియు మచిలీపట్నములోని కలెక్టరుగారి పర్యవేక్షణలో జరుగును. నాగాయలంక మండలములోని ఎదురుమొండి దీవుల వంటి చోట్ల నదీపాయ అడ్డముండుటచే, సిబ్బంది రాకపోకలకు వాన, గాలి, పోటుపాటులను గూడ లెక్కచూచుకొనవలెను. అట్టి గ్రామముల పంచాయతీలు పోలింగు స్టేషనుకు దారి, దీపము, త్రాగునీరు, వృద్ధులకు వికలాంగులకు వాలుబాట ముందుగా సరిచూచి, లోపములను అధికారులకు తెలుపుట గొప్ప సహాయము.

పంచాయతీ సభ్యుల కర్తవ్యములు

మొదటిది ఓటర్ల జాబితా. పంచాయతీ జాబితాకు మూలము శాసనసభ జాబితాయే. దానిలో పేరు లేనివారు రెండింటను నష్టపోవుదురు. పదునెనిమిది సంవత్సరముల వయస్సును లెక్కించుటకు ఇప్పుడు జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1 అను నాలుగు తేదీలు కలవు. నామినేషన్ల చివరి దినము దాటిన తరువాత ఆ ఎన్నికకు క్రొత్త పేర్లు చేర్పరు. ఉప ఎన్నిక ఆకస్మికముగా వచ్చును కావున, ఖాళీ ఏర్పడిన వార్త తెలిసిననాడే జాబితాను చదివించి చూడవలెను. కోడలుగా క్రొత్తగా ఊరికి వచ్చినవారు, వలస నుండి తిరిగివచ్చినవారు ఎక్కువగా మిగిలిపోవుదురు. చేర్పునకు 6వ నంబరు ఫారము, తప్పుల దిద్దుబాటునకును చిరునామా మార్పునకును 8వ నంబరు ఫారము బూత్ లెవెల్ ఆఫీసరు వద్ద లభించును.

రెండవది ప్రవర్తనా నియమావళి. ఎన్నిక ప్రకటింపబడిన నాటి నుండి ముగియువరకు ఇది అమలులో ఉండును. ఇదివరకే మొదలైన పనులు సాగవచ్చును. క్రొత్త పనులకు శంకుస్థాపనలు, క్రొత్త వాగ్దానములు కూడవు. పంచాయతీ కార్యాలయమును, వాహనమును, మైకును ఏ పక్షమునకును ప్రచారమునకు ఈయరాదు. ఈ సమయమున తుఫాను వచ్చినచో సహాయము ఆగునేమోయని భయపడనక్కరలేదు. ప్రాణరక్షణ, సహాయ కార్యములను నియమావళి నిషేధింపదు. సహాయధనపు ప్రకటనలు, పంపిణీల విషయమున అధికారులు కమిషను అనుమతి పొందుదురు.

మూడవది డబ్బు, మద్యముల విషయము. ఒక్క స్థానమునకే ఎన్నిక జరుగునప్పుడు రాష్ట్రము నలుమూలల నుండి నాయకులును, ధనమును ఆ ఒక్క చోటికే చేరును. ఓటునకు సొమ్ము ఇచ్చుట ఎట్లు నేరమో పుచ్చుకొనుటయు అట్లే నేరము. అందుకు ఒక సంవత్సరము వరకు కారాగార శిక్ష పడవచ్చును. పోలింగు ముగియు వేళకు ముందు నలువది యెనిమిది గంటలు బహిరంగ ప్రచారము ఆగవలెను. అక్కడి ఓటర్లు కాని ప్రచారకులు నియోజకవర్గమును విడిచి వెళ్ళవలెను.

నాల్గవది కూలీల ఓటు. పోలింగు దినమున ఓటరుగా ఉన్న పనివానికి వేతనముతో కూడిన సెలవు ఇచ్చుట యజమాని బాధ్యత యని చట్టము చెప్పుచున్నది. దినకూలీలకును ఇది వర్తించును. రొయ్యల చెరువులపై పనిచేయువారికి, వరికోతలకు పోవువారికి ఈ సంగతి తెలుపవలెను.

అయిదవది వ్రేలిపై సిరా గుర్తు. 2013 జూలైలో రాష్ట్రమున పంచాయతీ ఎన్నికలు జరిగిన మరుసటి నెలలోనే అవనిగడ్డ ఉప ఎన్నిక వచ్చెను. ఇట్లు రెండు ఎన్నికలు దగ్గరగా వచ్చినప్పుడు పాత గుర్తు మిగిలియున్నంత మాత్రమున ఓటు హక్కు పోదు. అట్టి సందర్భములలో వేరొక వ్రేలికి సిరా వేయునట్లు కమిషను ఆదేశించు పద్ధతి కలదు. "వ్రేలికి మచ్చ ఉన్నది, మరల పంపరు" అని ఇంటి వద్ద నిలిచిపోవువారికి ఈ సంగతి చెప్పవలెను.

గ్రామసభలో చర్చింపదగిన ప్రశ్నలు

ఒకటి: మన నియోజకవర్గ స్థానము నేడు ఖాళీ అయినచో, సభ గడువును బట్టి ఉప ఎన్నిక తప్పనిసరి యగునా, కాదా? లెక్క వేసి చూడుడు.

రెండు: మన వార్డులో పదునెనిమిదేండ్లు నిండియు జాబితాలో చేరనివారు ఎందరు? మరణించినవారి పేర్లు ఇంకను ఉన్నవా?

మూడు: ప్రతినిధి లేని నెలలలో మన ఊరి ముఖ్యమైన అర్జీలు ఎవరికి, ఏ విధముగా పంపుదుము? కలెక్టరు కార్యాలయము, మండల పరిషత్తు, లోక్‌సభ సభ్యుడు అను మార్గములు తెరచియే ఉన్నవి. పంచాయతీ తీర్మానము వ్రాతపూర్వకముగా ఉన్నచో క్రొత్త సభ్యుడు వచ్చిన మొదటి దినముననే ఆయన చేతిలో పెట్టవచ్చును.

నాలుగు: పోటీ లేని ఎన్నిక మంచిదా, పోటీ ఉన్న ఎన్నిక మంచిదా? ఈ ప్రశ్నకు ఒకే సమాధానము లేదు. కాని పోటీ ఉన్నను లేకున్నను ఓటరు భయము లేకుండ, ప్రలోభము లేకుండ తన మాట చెప్పగలుగుట ముఖ్యము. ఆ వాతావరణమును కాపాడుటలో పంచాయతీ సభ్యునికి ఉన్న పలుకుబడి మరి యెవరికిని లేదు. ఊరిలో ప్రతి ఇల్లు ఆయనకు తెలిసినదే. తాను ఏ పక్షమువాడైనను, ఎదుటి పక్షపు ఓటరు కూడ నిర్భయముగా పోలింగు స్టేషనుకు వెళ్ళి వచ్చునట్లు చూచిన సభ్యుడే తన పదవికి తగిన పని చేసినవాడగును.